కన్యాశుల్కంలో ప్రేమలు ఎన్ని రకాలు? తరచుగా అడిగే ప్రశ్నలు

కన్యాశుల్కం కొత్తగా చదివేవాళ్లతో కూర్చున్న ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. గిరీశం బుచ్చమ్మని నిజంగా ప్రేమించాడా? మధురవాణి మనసులో ఎవరున్నారు? చివర్లో ఆ ముద్దు గొడవేమిటి? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టొచ్చు. కథ ముగింపు కూడా దాచకుండా చెప్పాను. ఇక్కడ మాట్లాడేదంతా 1909లో గురజాడ తిరగరాసిన ఏడంకాల నాటకం గురించి.

## నాటకం చేతిలోకి తీసుకునే ముందు

ఇది సంఘసంస్కరణ నాటకం కదా, ఇందులో ప్రేమ ఎక్కడుంది?

గురజాడ తన పీఠికలో ఒక లెక్క ఇస్తారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం తీరంలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల, జాబితా తయారు చేయించారు. పూర్తి జాబితా కాదంటూనే 1,034 పెళ్లిళ్లు తేలాయి. వాటిలో పెళ్లికూతుళ్లు 99 మంది అయిదేళ్ల వాళ్లు, 44 మంది నాలుగేళ్ల వాళ్లు, 36 మంది మూడేళ్ల వాళ్లు. ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఏడాది.

ఈ అంకెలు చదివాక నాటకంలోని ప్రేమలు వేరేగా కనిపిస్తాయి. పెళ్లి బేరమైపోయిన ఊళ్లో మనుషుల మనసులు ఎటు పోవాలి? సానింటికి పోతాయి, విధవరాలి గదిలోకి తొంగిచూస్తాయి, మేనకోడలి కోసం దొంగపెళ్లి పన్నుతాయి. పెళ్లిలో ఉండాల్సిన ప్రేమ పెళ్లి బయట ఎన్ని వేషాలు వేస్తుందో చూడడానికి ఇంతకంటే మంచి చోటు తెలుగులో నాకు తెలియదు.

కథ నాలుగు ముక్కల్లో చెప్పగలరా?

కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి పద్దెనిమిది వందల రూపాయలకి ఇవ్వడానికి మాటిచ్చేస్తాడు. భార్య వెంకమ్మ గుండె బాదుకుంటుంది. ఆమె తమ్ముడు కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తక్కువ ధరకే దొరికిన పిల్లంటూ లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. మధురవాణి అనే వేశ్య అందుకు సాయం చేస్తుంది. ఈలోగా ఇంగ్లీషు మాటల మోతగాడు గిరీశం, సుబ్బి అక్క అయిన బాలవితంతువు బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. పెళ్లయిన "పెళ్లికూతురు" మాయమవుతుంది. లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. అందరూ విశాఖపట్నంలో ప్లీడరు సౌజన్యారావు దగ్గరికి చేరతారు. అక్కడ చిక్కుముడి విప్పేది మధురవాణి.

1897 ప్రతి చదవాలా, 1909 ప్రతి చదవాలా?

ప్రేమల గురించి ఆలోచించాలంటే 1909దే. నాటకాన్ని మొదట విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు 1892 ఆగస్టులో ఆడారు. 1897లో అచ్చయినప్పుడు అయిదంకాలే. పన్నెండేళ్ల తర్వాత గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. ఆ తిరగరాతలో అందరికంటే ఎదిగింది మధురవాణి. మొదటి ప్రతిలో చిన్న పాత్రగా ఉన్న మనిషి రెండో దానిలో నాటకానికి గుండె అయ్యింది. ఓపిక ఉన్నవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక రచయిత తన పాత్రని ప్రేమించడం అంటే ఏమిటో తెలుస్తుంది.

సినిమా చూశాను. అది చాలదా?

పి. పుల్లయ్య తీసిన 1955 సినిమా మంచిదే. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి మనసులో నిలిచిపోతారు. కానీ ఈ నాటకంలో ప్రేమంతా మాటల్లో ఉంటుంది: ఎవరు ఏ మాట మింగేశారు, ఎవరు మాట మార్చారు అన్నదాంట్లో. అది చదివితేనే అందుతుంది.

ఇంతమంది మధ్య ఉన్నదాన్నంతా "ప్రేమ" అనొచ్చా?

ఒక్క మాట చాలదు. మన భాషలో అందుకు కావలసినన్ని మాటలున్నాయి, వాడుకోండి. మధురవాణిని ఉంచుకున్న రామప్పంతులుకి ఆమె మీద ఉన్నది మోజు. వెంకమ్మకి పిల్లల మీద ఉన్నది మమకారం. కరటకశాస్త్రికి అక్క కుటుంబం మీద ఉన్నది ఆపేక్ష. మధురవాణికి సుబ్బి మీద ఉన్నది కనికరం. ఆ పిల్ల ముఖమైనా ఆమె చూసినట్టు నాటకంలో కనిపించదు, అయినా కనికరమే. గిరీశం నోట పలికేది మాత్రం "లవ్". ఇంగ్లీషు చదువుతో పాటు కొత్తగా ఊళ్లోకి దిగిన సరుకు అది, దాన్ని అతను అందరికంటే గట్టిగా అమ్ముకుంటాడు. పాత్ర పక్కన సరైన మాట రాసుకుంటూ చదివితే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

## చదువుతున్నప్పుడు

గిరీశం బుచ్చమ్మని నిజంగా ప్రేమించాడా, పూర్తిగా మోసమేనా?

అందరూ మొదట అడిగేది ఇదే. "మోసగాడు" అనేసి ముందుకి పోవడం తేలికే కానీ గురజాడ అంత తేలిగ్గా రాయలేదు.

మోసం అనడానికి ఆధారాలు బోలెడు. నాటకం మొదలయ్యేదే బొంకులదిబ్బ దగ్గర. డబ్బు తీసుకుని భోజనం పెట్టే పూటకూళ్లమ్మకి సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి సానివాళ్ల కింద ఖర్చుపెట్టానని అక్కడ గిరీశమే ఒప్పుకుంటాడు. ఊళ్లో అప్పులవాళ్లు చుట్టుముడుతున్నారు కాబట్టే తన శిష్యుడూ బుచ్చమ్మ తమ్ముడూ అయిన వెంకటేశంతో అగ్రహారానికి బయల్దేరతాడు. ఆ ఇంట్లో అందమైన విధవ అక్క ఉంది. ఆమె భర్త తాలూకు భూముల వ్యాజ్యమూ ఉంది. గిరీశం కంటికి రెండూ ఆనతాయి.

అయితే బుచ్చమ్మతో మాట్లాడే ఘట్టాల్లో అతని గొంతు వినండి. స్వర్గం వర్ణిస్తాడు, అక్కడ తామిద్దరికీ ఏమవుతుందో కథలల్లుతాడు, పుట్టబోయే పిల్లల్ని కూడా మాటల్లోనే కనేస్తాడు. అబద్ధాలాడేవాడు పని జరిగే మేరకి ఆడి ఊరుకుంటాడు. గిరీశం అవసరానికి మించి మాట్లాడతాడు, ఎందుకంటే తన మాటల మత్తు తనకే ఎక్కుతుంది. ఆ కాసేపూ అతను నమ్ముతాడనే నా అభిప్రాయం. ఆ నమ్మకం మాట ఆగిన మరుక్షణం వరకూ కూడా నిలవదు. అతను ప్రేమించింది బుచ్చమ్మని ఉద్ధరిస్తున్న గిరీశాన్ని. విధవా వివాహం చేసుకున్న మహావీరుడిగా తన బొమ్మ చూసుకుంటున్న మనిషికి ఎదురుగా ఉన్న ఆడపిల్ల అద్దంలా పనికొచ్చింది.

మరి బుచ్చమ్మ ఎందుకు వెళ్లిపోయింది? అంత అమాయకురాలా?

బుచ్చమ్మ అమాయకురాలన్నది నిజం. కానీ ఆమె గడప దాటడానికి అదొక్కటే కారణం అనుకుంటే ఆమెకి అన్యాయం చేసినట్టే. గిరీశం ఎన్ని కథలు చెప్పినా ఆమె మనసు ఊగిసలాడుతూనే ఉంది. అతను చివరికి వేసిన పాచిక సుబ్బి. నువ్వు నాతో వచ్చేస్తే మీ వాళ్లు ఆ గొడవలో పడతారు, చెల్లెలి పెళ్లి తప్పిపోతుంది, మీ అమ్మ బతుకుతుంది అన్న దారిలో నచ్చజెప్పాడు. అలాంటి పెళ్లే చేసుకుని విధవైన మనిషి ఆ మాట వింటోంది. తనకి జరిగింది చెల్లెలికి జరగకూడదు.

అందుకే ఆ లేచిపోవడంలో రెండు ప్రేమలు కలిసి నడిచాయంటాను. గిరీశం మీద చిగురించిన వలపు ఒకటి, దాన్ని ఆమె పైకి చెప్పుకోలేదు. చెల్లెలి మీద మమకారం రెండోది. బండి ఎక్కించింది ఎక్కువగా రెండోదే. గిరీశం చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఆ మమకారాన్ని పసిగట్టి దాన్నే ఎరగా వాడడం.

పూటకూళ్లమ్మ గిరీశం కోసం చీపురు పట్టుకొచ్చింది. అదీ ప్రేమేనా?

అవుననే అంటాను. ఆవిడ అతనికి అన్నం పెట్టింది, నమ్మి డబ్బిచ్చింది, ఊరు ఏమనుకున్నా పట్టించుకోలేదు. ఆ డబ్బు మధురవాణి ఇంటికి చేరిందని తెలిశాక చీపురుతో వచ్చింది. గిరీశం మంచం కిందికి దూరితే, అప్పటికే అక్కడ దాక్కున్న రామప్పంతులుకి దెబ్బలు తగులుతాయి. హాలంతా పగలబడి నవ్వే ఘట్టం. ఆ నవ్వు సద్దుమణిగాక ఒక్కసారి ఆవిడ వైపు చూడండి. కష్టపడి నలుగురికి వండిపెట్టి కూడబెట్టిన ఇరవై రూపాయలు అవి. కోపమంతా డబ్బు కోసమే అయితే మనిషిని పంపి అడిగించేది.

అగ్నిహోత్రావధాన్లుకి కన్నకూతురి మీద ప్రేమే లేదా?

అతను దుర్మార్గుడు అనుకుంటే నాటకం చిన్నదైపోతుంది. "తాంబూలాలిచ్చేశాను, ఇక తన్నుకు చావండి" అన్న మాట తెలుగువాళ్లకి సామెతయింది. ఆ మాటలో కూతురి మీద ద్వేషం కనిపించదు. తన మాట, తన పంతం, తన వ్యాజ్యాలు, వీటి తర్వాతే ఎవరైనా. కూతురికి మంచి చేస్తున్నాననే అతని నమ్మకం. ధనవంతుడైన అల్లుడు దొరికాడు, ఇంకేం కావాలి? ప్రేమ ఉన్నా అవతలి మనిషి ముఖం చూసే అలవాటు లేకపోతే ఇలా ఉంటుంది. ఇంట్లో అతనికి ఎదురు నిలిచి మాట్లాడేదీ, ఆ బాధని పూర్తిగా మోసేదీ వెంకమ్మ.

వెంకమ్మ పాత్ర ఏడుపుకే పరిమితం కదా?

వెంకమ్మని అలా చదివేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నాకు బాధగా ఉంటుంది. పెద్దకూతురి బతుకు కళ్లముందే మోడైన తల్లి ఆవిడ. రెండోసారి అదే జరగబోతుంటే మొగుడితో వాదించింది, తమ్ముణ్ణి కదిలించింది, ప్రాణానికి తెగించి నూతి దాకా వెళ్లింది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఆడదాని చేతిలో ఉన్న ఆయుధాలన్నీ అవే, అన్నీ వాడింది. కథ మొత్తం కదలడానికి కారణం వెంకమ్మ కన్నీళ్లే. అవి చూడకపోతే కరటకశాస్త్రి ఆ దొంగపెళ్లికి పూనుకునేవాడు కాదు.

కరటకశాస్త్రి చేసింది అక్క మీద ప్రేమతోనా, నాటకాల సరదాతోనా?

రెండూ. అతను విదూషక వేషాలు వేసే నటుడు. తమాషా అతని నెత్తుట్లో ఉంది. బావ మీద కోపంతో ఇల్లు తగలబెట్టేస్తానని లేస్తాడు, తర్వాత తనకి వచ్చిన విద్యతోనే దారి వెతుకుతాడు. అక్క ఇంటి కోసం తన శిష్యుణ్ణి ముసలివాడి ఇంట్లో పెళ్లికూతురిగా కూర్చోబెట్టాడంటే ఆ ఆపేక్ష ఎంత గట్టిదో తెలుస్తుంది. దాని కోసం ఇంకొకరి పిల్లవాణ్ణి అపాయంలోకి నెట్టాడన్నదీ మరవకూడదు. అందుకు బదులుగా తన కూతుర్నిచ్చి పెళ్లి చేస్తానని మహేశానికి మాటిస్తాడు. ఆ ఒప్పందంలో నాకు నచ్చేది ఒకటుంది: ఈ నాటకంలో డబ్బు చేతులు మారకుండా మాటయిన పెళ్లి అదే.

లుబ్ధావధాన్లు ఆ వయసులో పెళ్లి ఎందుకు కోరుకున్నాడు?

పిసినారితనం, చపలత్వం, చుట్టూ చేరినవాళ్ల ఎగదోపు. ధర తగ్గిందనగానే సుబ్బిని వదిలి ఇంకో పిల్లకి ఒప్పుకున్నాడంటే ఇక ప్రేమ మాట ఎత్తక్కర్లేదు. పెళ్లయ్యాక ఆ పిల్లకి ఇదివరకే మొగుడుండి చనిపోయాడన్న పుకారు విని, ఆ మొగుడు దెయ్యమై వచ్చాడని వణికిపోతాడు. నవ్వు వస్తుంది, జాలీ వేస్తుంది. ఒంటరి ముసలితనం అతనిది. ఆ ఒంటరితనం నిజమే అయినా దాన్ని ఒక పసిపిల్లతో పూడ్చుకోవాలనుకోవడాన్ని క్షమించలేం.

రామప్పంతులుకీ మధురవాణికీ మధ్య ఉన్నది ఏమిటి?

రామప్పంతులు వైపు నుంచి మోజు, దర్పం, అనుమానం. మధురవాణిని ఉంచుకున్నానని నలుగురికీ తెలియడం అతనికి ఆమె కంటే ముఖ్యం. మధురవాణి వైపు నుంచి వృత్తి. ఆమె దాన్ని ఎక్కడా దాచదు. డబ్బిస్తున్నాడు, ఇంట్లో ఉంటోంది, వీణ వాయిస్తుంది, మాటలతో ఆడిస్తుంది. దొంగపెళ్లిలో పెళ్లికూతురి మెడలో వేయడానికి ఇచ్చిన తన కంటె అనే నగ తిరిగి రానప్పుడు అతన్ని ఆమె నిలదీసే తీరు చూడండి. ప్రేమ పేరు పెట్టి ఆమె అతన్ని ఒక్కసారీ మోసం చేయలేదు. ప్రేమగా నటించడం ఆ వృత్తిలో భాగమని అతనికీ తెలుసు, తెలిసీ నిజమనుకోవాలని తహతహలాడతాడు.

మీనాక్షి గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

మాట్లాడాలి. లుబ్ధావధాన్లు కూతురు, ఆమె కూడా విధవే. రామప్పంతులు పెళ్లాడతానన్న మాట నమ్మింది. అతను తప్పించుకున్నాడు. బుచ్చమ్మ కథకి నీడలాంటి కథ ఇది. బుచ్చమ్మకి కనీసం అందమైన అబద్ధాలు దక్కాయి, మీనాక్షికి అవీ లేవు. ఆమెని చెడిపోయినదిగా చూసి నవ్వే పాఠకులుంటారు. నమ్మి మోసపోయిన ఆడదాన్ని చూసి నవ్వు వస్తే, ఆ పుట దగ్గర కాసేపు ఆగాల్సింది మనమే.

మధురవాణి ఎవరిని ప్రేమించింది?

ఎక్కువమంది వెతికేది ఆమె మనసులోని మగవాణ్ణి. గిరీశమా? అతని చలాకీతనం ఆమెకి కొంత ఇష్టమే, కానీ అతని డొల్లతనం మొదటి అంకంలోనే చూసేసింది. రామప్పంతులా? లేదు. సౌజన్యారావా? అతని మంచితనానికి ఆమె కదిలిపోయింది, అందులో అనుమానం లేదు. అయినా అది మొగుడు కావాలనుకునే వలపు అని నేననను. ఒక నిక్కమైన మనిషి ఉన్నాడా అని వెతికి, దొరికినప్పుడు ఆశ్చర్యపోయే గౌరవం అది.

నన్నడిగితే ఆమె ప్రేమలో లోతైనది కంటికి కనిపించని పిల్ల కోసం పడిన శ్రమ. సుబ్బి ఆమెకి ఏమీ కాదు. ఆ పెళ్లి ఆగితే ఆమెకి వచ్చే లాభమూ లేదు. రామప్పంతులు ఇంట్లో ఉంటూనే అతని ఎత్తులకి ఎదురెత్తు వేయడమంటే తన ఇల్లూ వాకిలీ పోగొట్టుకునే పని. తన కంటె ఇచ్చింది, రహస్యం దాచింది, చివరికి విశాఖపట్నం వెళ్లింది. అగ్రహారంలో శాస్త్రం తెలిసిన పెద్దలున్నారు, సంస్కరణ తెలిసిన చదువరులున్నారు. ఆ పిల్ల కోసం చేతిలో ఉన్నది పణంగా పెట్టింది మాత్రం ఈ వేశ్యే.

ఇంకో మాట. మధురవాణికి తన తల్లి మీద ఉన్న ప్రేమని చదువరులు గమనించరు. ఎప్పుడు నీతి మాట వచ్చినా ఆమె శాస్త్రాలు చెప్పదు, మా అమ్మ చెప్పింది అంటుంది. ఊరు చులకనగా చూసే సానిదాని నోట, మరో సానిదాన్ని గురువుగా నిలబెట్టే మాట అది. నాటకంలో ఇంత నిండైన తల్లీకూతుళ్ల బంధం ఇంకెక్కడా లేదు, అందులో తల్లి రంగం మీదికి రానే రాదు.

మహేశంతో మధురవాణి చనువు ఎలా అర్థం చేసుకోవాలి?

ఆ కుర్రవాడి మీద ఆమెకి ఉన్నది ముద్దు. చమత్కారమూ, చిన్నవాడి మీద లాలనా కలిసిన ఇష్టం. వేషం వేసుకుని భయపడుతున్న పిల్లవాడికి ధైర్యం చెప్పిందీ, ఆడవాళ్ల నడకా మాటా చూసి సరిదిద్దగలిగిందీ ఆమే. దీన్ని శృంగారంగా సాగదీసే ప్రదర్శనలు నాకు నచ్చవు.

వెంకటేశానికి గిరీశం అంటే ఎందుకంత ఇష్టం?

ఇంట్లో తండ్రి అరుస్తాడు, గిరీశం పొగుడుతాడు. "నాతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్" అనే గురువు చుట్టలు నేర్పి, పరీక్ష తప్పిన సంగతి కప్పిపుచ్చుతాడు. పిల్లవాడికి అంతకంటే ఏం కావాలి? ఆ ఆరాధనే గిరీశానికి అగ్రహారంలో చోటిచ్చింది.

## చివరి అంకం దగ్గర

మధురవాణి ముద్దు అడిగి, ఇవ్వబోతే ఎందుకు వద్దంది?

నాటకం మొత్తంలో నాకు ఇష్టమైన ఘట్టం ఇది. నెమ్మదిగా చూద్దాం.

సౌజన్యారావు యాంటీనాచ్ మనిషి, అంటే సానివాళ్ల ఆటపాటలు మానాలనేవాడు. వేశ్య ముఖం చూడనని పట్టుదల. లుబ్ధావధాన్లుని హత్యానేరం నుంచి తప్పించే రహస్యం మధురవాణి దగ్గరుంది. ఆమె మగవేషంలో అతని ఇంటికి వస్తుంది, తర్వాత తానెవరో బయటపెడుతుంది. రహస్యం చెప్పడానికి ఆమె అడిగే ధర ఒక ముద్దు. ఒక నిరపరాధి ప్రాణం ఒకవైపు, తన వ్రతం ఒకవైపు. అతను తల్లడిల్లిపోతాడు. చివరికి ముసలివాడి కోసం వ్రతం వదులుకోవడానికి సిద్ధపడి దగ్గరికి వస్తాడు. అప్పుడు ఆమె ఆపుతుంది. చెడనివాళ్లని చెడగొట్టవద్దని మా అమ్మ చెప్పింది అంటుంది.

ఆమె అడిగింది పరీక్షించడానికే అని సర్దుకుపోవచ్చు. నాకు అంతకంటే ఎక్కువ కనిపిస్తుంది. వెలకట్టి అమ్మడం, కొనడం తప్ప వేరేది లేని లోకంలో బతికిన మనిషి ఆమె. పెళ్లికూతురికి వెల, వేశ్యకి వెల, సాక్ష్యానికి వెల. మొదటిసారి ఒక మనిషి తన సుఖం కోసం కాకుండా ఇంకొకరి ప్రాణం కోసం వెల చెల్లించడానికి వచ్చాడు. ఆ క్షణంలో ఆమె వెలనే వదిలేసింది. రహస్యం ఊరికే ఇచ్చేసింది. కన్యాశుల్కం అని పేరున్న నాటకంలో శుల్కం రద్దయిన చోటు అది. మధురవాణి ప్రేమని ఏ పేరుతో పిలవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు కానీ, అది కనిపించేది ఇక్కడేనని నాకు గట్టి నమ్మకం.

సౌజన్యారావు ఆమెని ప్రేమించాడా?

ఆకర్షితుడయ్యాడు, అది స్పష్టం. దానికంటే ముఖ్యంగా ఆమె ముందు తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. వేశ్యలంతా చెడ్డవాళ్లన్న గట్టి గోడ ఒక్క రాత్రిలో బీటలు వారింది. ఆమె చేతికి భగవద్గీత ఇస్తాడు. ఆ కానుకలో ప్రేమ ఉంది, ఉపదేశం ఇచ్చే అలవాటూ ఉంది. మధురవాణి దాన్ని వినయంగా తీసుకుంటుంది, చమత్కారం మాత్రం వదలదు.

బుచ్చమ్మని పూనా పంపడం అన్యాయం కాదా? ప్రేమించినవాడితో పెళ్లి చేయొచ్చుగా?

అప్పటికి విధవా వివాహం చట్టవిరుద్ధమేమీ కాదు. 1856లోనే చట్టం వచ్చింది, 1881లో వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించారు. అయినా సౌజన్యారావు గిరీశం అసలు రంగు తెలిశాక బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదివించే ఏర్పాటు చేస్తాడు. గిరీశాన్ని బుద్ధిగా చదువుకోమంటాడు. చదువరుల్లో చాలామంది దీన్ని చప్పటి ముగింపంటారు.

నేను ఒప్పుకోను. ఎవరికి ఇచ్చి కట్టబెట్టాలా అన్న లెక్కల్లోనే గడిచిన బతుకు బుచ్చమ్మది. మొదట తండ్రి నిర్ణయించాడు, తర్వాత గిరీశం మాటలు నిర్ణయించాయి. ఆమెకి మొదట కావలసింది తన కాళ్ల మీద నిలబడే చదువు. అయితే ఒక వెలితి మాత్రం నాకూ ఉంది: ఇదైనా ఆమెని అడిగి చేశారా? ఇంకో పెద్దమనిషి ఆమె తరఫున తీర్మానించాడు. ఆ ముల్లు అలాగే గుచ్చుకుంటూ ఉంటుంది.

హాస్యనాటకమంటే పెళ్లితో ముగియాలి కదా?

ఈ నాటకంలో పెళ్లిళ్లు ఆగిపోవడమే శుభం. సుబ్బి పెళ్లి ఆగింది, లుబ్ధావధాన్లు పెళ్లి పెళ్లే కాదని తేలింది, గిరీశం పెళ్లి జరగలేదు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న గిరీశం మాటతో తెర పడుతుంది. అతని కథ అడ్డం తిరిగింది కాబట్టే ఇద్దరు ఆడపిల్లల కథలు దారిలో పడ్డాయి.

## వ్యాసం రాసేవాళ్లకీ, నాటకం వేసేవాళ్లకీ

పరీక్షలో "కన్యాశుల్కంలో ప్రేమ" అని అడిగితే ఎలా మొదలుపెట్టాలి?

పాత్రల జాబితాతో మొదలుపెట్టకండి. ఒక ప్రశ్న పట్టుకోండి: ఈ మనిషి ప్రేమ పేరుతో ఏం వదులుకున్నాడు, ఏం రాబట్టుకున్నాడు? గిరీశం రాబట్టుకున్నాడు, మధురవాణి వదులుకుంది. వెంకమ్మకి వదులుకోవడానికి ప్రాణం తప్ప ఏమీ లేదు. ఈ కొలతతో ముగ్గురి గురించి లోతుగా రాస్తే, పదిమంది గురించి పైపైన రాసినదానికంటే మేలు. మూలంలోని మాటలు రెండు మూడు తప్పకుండా ఉటంకించండి.

గిరీశం, బుచ్చమ్మ ఘట్టాలని నవ్వు కోసం వేయాలా, ప్రేమఘట్టాల్లా వేయాలా?

గిరీశం పాత్రధారి ప్రేక్షకుల వైపు తిరిగి కన్నుకొడితే ఘట్టం పాడవుతుంది. అతను నమ్మి మాట్లాడాలి, నవ్వు దానంతటదే వస్తుంది. బుచ్చమ్మ మందబుద్ధిలా కళ్లప్పగించి చూడకూడదు. వింటున్నప్పుడు ఆమె చేతిలో ఇంటి పనేదో ఉండాలి, సుబ్బి పేరు రాగానే ఆ చెయ్యి ఆగాలి. చూసేవాళ్లకి అది చాలు.

నాటకం చాలా పొడుగు. కుదించేటప్పుడు ఏది తీయకూడదు?

మొత్తం వేయడం కష్టమే. పేకాట, బైరాగి ఘట్టాలు తగ్గించుకోవచ్చు, మనసు ఒప్పకపోయినా. వెంకమ్మ, కరటకశాస్త్రి మాట్లాడుకునే ఘట్టం తీయకండి. తీస్తే దొంగపెళ్లి ఉత్త అల్లరిగా మిగులుతుంది. మీనాక్షిని పూర్తిగా కోసేసే ప్రదర్శనలూ ఉంటాయి. కనీసం ఒక్కసారైనా ఆమెని రంగం మీద నిలబెట్టండి.

మధురవాణిని దేవతలా చూపించొచ్చా?

వద్దు. ఆమె డబ్బు లెక్క చూసుకుంటుంది, అబద్ధాలాడుతుంది, మగవాళ్లని ఆడించి ఆనందిస్తుంది. అవన్నీ ఉంచి చూపించండి. పేకముక్కలు పట్టుకున్న చేత్తోనే, రామప్పంతులుని ఏడిపించిన నోటితోనే చివరి అంకంలో ఆ "మా అమ్మ చెప్పింది" అన్న మాట రావాలి. ఆ మాట దగ్గర వాద్యాలు మోగించకండి. పాత్రధారిణి దాన్ని మామూలు గొంతుతో, రోజూ అనుకునే మాటలా అనేసి, తల దించకుండా సౌజన్యారావు కళ్లలోకి చూస్తే చాలు.